అయిదో స్కోరు

మారిట్ టోలెఫ్సన్‌కు ఆ ఉదయం మంచం మీద నుంచి లేవడమే పెద్ద పనైంది. ముందురోజు గోల్ఫ్ పోటీలో రెండు ఆటలు, ముప్పై ఆరు హోల్స్, ఆడించారు. పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పొద్దు వాలేదాకా బ్యాగు భుజాన వేసుకుని మిస్సోరీ గాలికి ఎదురు నడిచింది. పాదాలు వాచాయి. నడుం పట్టేసింది. వేళ్లు ముడుద్దామంటే ముడుచుకోవడం లేదు. ఇరవై రెండేళ్ల పిల్ల మోటెల్ గోడ పట్టుకుని బాత్రూంలోకి నడిచిందంటే, జట్టులో చిన్నవాళ్లు ఆమెను ‘బామ్మా’ అని పిలవడంలో తప్పేముంది?

నాలుగేళ్లుగా ఇదే బతుకు. వాళ్లది దక్షిణ డకోటాలో ఒక చిన్న కాలేజీ. అక్కడ అక్టోబరు చివర మంచు పడిందంటే మళ్లీ ఏప్రిల్ దాకా గడ్డి మొహం కనపడదు. చలికాలమంతా జిమ్ వెనక రేకుల షెడ్డులో, వలలోకి బంతులు కొడుతూ గడపాలి. కొట్టిన బంతి నిజానికి ఎంత దూరం పోయేదో, ఏ చెట్టుకు తగిలేదో దేవుడికే తెలియాలి. పొద్దున ఆరింటికి బరువులెత్తడం, ఎనిమిదింటికి క్లాసు, మధ్యాహ్నం ఆ వల, వారానికి రెండు రోజులు ఆసుపత్రిలో నర్సింగ్ శిక్షణ. టోర్నమెంట్ వస్తే తొమ్మిది గంటలు వ్యానులో ప్రయాణం, ఒళ్లో పాఠ్యపుస్తకం, చేతిలో చల్లారిన టర్కీ శాండ్‌విచ్. సగం పరీక్షలు మోటెల్ లాబీల్లో, వాఫుల్స్ వేసే యంత్రం పక్కన కూర్చుని రాసింది. కాలేజీ క్రీడాకారులంటే జనం ఫుట్‌బాల్ కుర్రాళ్లను తలచుకుని ఏవేవో ఊహించుకుంటారు గానీ, గోల్ఫ్ ఆడే ఆడపిల్లల్ని చూడటానికి కన్నవాళ్లు తప్ప పిట్ట కూడా రాదు. మారిట్ అమ్మానాన్నలకు పాల డెయిరీ. ఆవుల్ని వదిలి వాళ్లూ రాలేరు.

ఇంత చాకిరీ చేసినా ఆమె స్కోరు జట్టుకు అక్కరకు వచ్చింది తక్కువ. కాలేజీ గోల్ఫ్‌లో జట్టు తరఫున అయిదుగురు ఆడతారు, నాలుగు స్కోర్లే కలుపుతారు. దెబ్బలు ఎంత తగ్గితే అంత మేలు కాబట్టి, అందరికంటే ఎక్కువ దెబ్బలు తీసుకున్న అమ్మాయి స్కోరు వదిలేస్తారు. మారిట్ జట్టులో అయిదో అమ్మాయి. నాలుగేళ్లలో దాదాపు ప్రతిసారీ వదిలేసింది ఆమెదే. బోర్డు మీద ఆమె పేరు ఉంటుంది, పక్కన అంకె ఉంటుంది, ఆ అంకె మీద అడ్డగీత ఉంటుంది.

మొదటి ఏడాది ఒకసారి ఎనభై ఎనిమిది కొట్టి చెట్టు వెనక కూర్చుని ఏడుస్తుంటే కోచ్ డార్లీన్ హాచ్ వెతుక్కుంటూ వచ్చింది. మంచి మనిషి. ఆడపిల్లల జట్టుకూ మగపిల్లల జట్టుకూ ఆమే కోచ్, వ్యాను నడిపేదీ ఆమే, చలికాలంలో బాస్కెట్‌బాల్ ఆటలకు టికెట్లు చింపేదీ ఆమే. అంత పనిలోనూ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఏడవకు, నీది ఎలాగూ లెక్కలోకి రాదులే అంది. ఓదార్పుగానే అంది పాపం. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ అంటూనే వచ్చింది. ఆ మాట మారిట్‌కు ఒంటబట్టింది. మెల్లగా ఏడుపు మానేసింది. ఏడుపుతోపాటు తన కార్డు చూసుకోవడం కూడా మానేసింది.

గోల్ఫ్‌లో ఎవరి స్కోరు వాళ్లు రాసుకుంటే చెల్లదు. పక్క జట్టు అమ్మాయి మన స్కోరు రాస్తుంది, ఆమెది మనం రాస్తాం. ఆట అయ్యాక డేరాలో బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో హోల్ అంకె సరిచూసుకుని, సంతకం పెట్టి ఇచ్చేయాలి. సంతకం పెట్టి డేరా దాటితే ఇక ఆ కార్డు రాతి మీద చెక్కినట్టే. ఆసుపత్రిలో మందు మోతాదు మూడుసార్లు చదవనిదే సిరంజి ముట్టుకోని పిల్ల, ఈ బల్ల దగ్గర మాత్రం పెన్ను ఇస్తే గీకేసి లేచిపోయేది. గీత పడబోయే అంకెను చూసి ఏం చేసుకోవాలి?

ఆ ఉదయం ఫలహారాల దగ్గర రెన్ కుడి మణికట్టుకు కట్టు కట్టుకుని కూర్చుంది. రెన్ జట్టులో మూడో అమ్మాయి. నిన్న సాయంత్రం గడ్డి కింద దాగిన వేరును బలంగా కొట్టింది. రాత్రికి చెయ్యి ఇంత లావైంది. కప్పు పట్టుకోలేకపోతోంది, ఇక గోల్ఫ్ కర్ర ఏం పట్టుకుంటుంది?

కోచ్ వచ్చి మారిట్ ఎదురుగా కూర్చుంది.

“రెన్ ఆడటం లేదు. ఇవాళ నలుగురే. నీది లెక్కలోకి వస్తుంది.”

మారిట్ నోట్లో ముక్క నమలడం ఆపింది. “ఎంత కొట్టాలి, కోచ్?”

“ఎనభై లోపు. అది తెస్తే మనకు ఆశ ఉంటుంది.”

ఆ సీజన్లో మారిట్ ఎన్నడూ ఎనభై మూడుకు తగ్గలేదు. వాళ్ల జట్టు రెండో స్థానంలో ఉంది. ఇవాళ గెలిచిన జట్టు ప్రాంతీయ పోటీలకు పోతుంది. వాళ్ల కాలేజీ ఎన్నడూ పోలేదు. జట్టులో మొదటి అమ్మాయి లారెల్ నాలుగేళ్లుగా దానికోసమే పళ్లు బిగబట్టి ఆడుతోంది. మారిట్‌లాగే ఆమెకూ ఇదే ఆఖరి ఏడాది. లారెల్ బల్ల అవతల నుంచి మారిట్‌ను చూసింది. మారిట్‌కు సంతోషం వేయలేదు. నాలుగేళ్లు ఆగి, కాళ్లు కదలని ఈ రోజునే అడగాలా అని విసుగు వేసింది. విసుగు కింద భయం.

ఆమెతో ఆడటానికి వచ్చిన పైపర్ వేరే కాలేజీలో మొదటి ఏడాది పిల్ల. నోరు మూతపడదు. గాలికి ముక్కు కారుతూనే ఉంది, తుడుచుకుంటూనే మాట్లాడుతోంది. మారిట్ ఊ కొడుతూ నడిచింది. గొప్పగా ఏమీ ఆడలేదు. గాలిలోకి బంతి ఎత్తకుండా తక్కువ ఎత్తులో కొట్టింది, ఇసుక గుంటల జోలికి పోలేదు, బంతి దొర్లించి గుంటలో వేసే గ్రీన్ మీద ఎక్కడా అత్యాశకు పోలేదు. ఒళ్లు అలిసిపోయిన మనిషికి విన్యాసాలు చేసే ఓపిక ఉండదు, ఆ రోజు అదే మేలైంది. తన దెబ్బలు మాత్రం కూడుకోలేదు. కూడితే దెబ్బ గురి తప్పుతుందని తెలుసు. ఒక్కో హోల్ అయ్యాక తన అంకె పైపర్‌కు చెప్పడం, పైపర్‌ది తను రాసుకోవడం, మర్చిపోవడం.

పదిహేడో హోల్ ఆ కోర్సులోకెల్లా కష్టమైంది. అయిదు దెబ్బల్లో ముగించాల్సిన పొడుగు దారి, గ్రీన్ ముందు చెరువు, మొహాన గాలి. అప్పటికే చాలామందిని అది ఏడిపించింది. కోచ్ హాచ్ ఆ గ్రీన్ పక్కనే నిలబడి ఉంది. మారిట్ అయిదు దెబ్బల్లో ముగించింది. కోచ్ చప్పట్లు కొట్టలేదు, తల మాత్రం ఊపింది. పైపర్ బంతిని చెరువులో పారేసుకుని ఏడు తీసుకుంది, తర్వాత చొక్కా చేత్తో కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ కార్డు తీసి, మారిట్ గడిలోనూ పక్కనే తన గుర్తుకోసం ఉన్న గడిలోనూ అంకెలు రాసింది.

పద్దెనిమిదో హోల్ ఎలా ఆడిందో మారిట్‌కు సరిగా గుర్తులేదు. డేరాలోకి వెళ్లి కుర్చీలో కూలబడేసరికి కాళ్లు తనవి కానట్టున్నాయి. తను రాసిన పైపర్ కార్డును ఆమెకు చదివి వినిపించింది. ప్రతి అంకెనూ వేలు పెట్టి చూపించింది. పైపర్ మారిట్ కార్డు చదివింది, గడగడా, ముక్కు ఎగబీలుస్తూ. మారిట్ కళ్లు మూసుకుని వింది. బూట్లు విప్పితే ఎంత హాయిగా ఉంటుందో అనుకుంటోంది. సరేనా అని పైపర్ అడిగితే సరే అని సంతకం పెట్టింది. బయటికొచ్చి గడ్డిలో వెల్లకిలా పడుకుంది.

అరగంటకు బోర్డు మీద అంకెలు ఎక్కాయి. మారిట్ లేచి వెళ్లింది. జట్టు పేరు కింద నాలుగు అంకెలు. నాలుగో దాని మీద గీత లేదు. ఎనభై ఒకటి. గీత లేని ఆ అంకె కొత్తగా, ఎవరిదో అన్నట్టు కనిపించింది. దాని కింద మొత్తం. గెలిచిన జట్టుకూ వాళ్లకూ తేడా ఒక్క దెబ్బ.

లారెల్ బోర్డుకు వీపు తిప్పి నిలబడి ఉంది. కోచ్ మాత్రం బోర్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు.

“ఎనభై ఒకటి ఎలా అవుతుంది? పదహారు దాకా నీ దెబ్బలు నా దగ్గర ఉన్నాయి. పదిహేడులో అయిదు కదా కొట్టావు, నేనక్కడే ఉన్నాను. పద్దెనిమిది నా ఎదురుగానే ఆడావు. డెబ్బై తొమ్మిది కావాలి.”

ఇద్దరూ డేరాలోకి పరిగెత్తారు. బల్ల దగ్గర ఉన్న పెద్దాయన మెల్లగా కార్డు తీసి చూపించాడు. పదిహేడో హోల్ దగ్గర మారిట్ గడిలో ఏడు, పైపర్ గడిలో అయిదు. కన్నీళ్లు తుడుచుకుంటూ ఒకరిది ఇంకొకరి గడిలో రాసేసింది. పైపర్‌కు దానివల్ల ఏ నష్టమూ లేదు, ఆమె అసలు కార్డు మారిట్ రాసింది. అందులో ఒక్క తప్పు లేదు.

కోచ్ వాదించింది. తను కళ్లారా చూశానంది. పైపర్‌ను పిలిపించింది. ఆ పిల్ల వచ్చి కార్డు చూసి, తప్పు తనదేనని నలుగురికీ వినపడేలా చెప్పింది. పెద్దాయన ఓపికగా అంతా విన్నాడు. తక్కువ రాసుంటే ఆటలోంచి తీసేసేవాళ్లం, ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే నిలుస్తుంది, ఇది నా చేతిలో లేదు అన్నాడు. చివరికి మారిట్ వైపు తిరిగి, కసిరినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

“సంతకం నీదే కదమ్మా?”

నాదేనంది మారిట్.

ఆ రెండు దెబ్బలూ తీసేస్తే ఒక్క దెబ్బతో గెలిచేవాళ్లు.

వ్యాను దగ్గర బ్యాగులు వెనక సర్దారు. నాలుగో అమ్మాయి జోసీ నీళ్ల సీసాలు పంచి పెట్టింది, ఎవరూ తాగలేదు. మారిట్ వాళ్ల ఎదుట నిలబడి క్షమించమంది. ఆ మాట చాలదని తనకే తెలుసు. లారెల్ అప్పటిదాకా పట్టి ఉంచిన కోపం మొహంలోకి వచ్చేసింది.

“ఒక్కసారి చూసుకుంటే పోయేది కదే. పద్దెనిమిది అంకెలు. అంతేగా.”

మారిట్‌కు ఎదురు చెప్పే ఓపిక లేదు. అందుకే నిజం చెప్పింది.

“నాలుగేళ్లలో నా కార్డు ఎవరు చూశారు, లారెల్? నేనూ మానేశాను.”

వ్యాను తలుపు మీద కోచ్ చెయ్యి ఆగిపోయింది. ఆమె మొహం ఒక్కసారిగా పదేళ్లు పైబడినట్టైంది. ఏదో అనబోయింది. ఏమన్నా అది మళ్లీ ఓదార్పులాగే ఉంటుందని తోచిందేమో, మానేసి, తలుపు తీసి పట్టుకుని నిలబడింది. మారిట్‌కు ఆమె మీద కోపం రాలేదు. జాలేసింది. తప్పు తనదే. పెన్ను తన చేతిలోనే ఉంది. కానీ ఆ చేతికి చూడకుండా గీకడం ఒక్కరోజులో అబ్బలేదు.

అందరూ ఎక్కారు. కాసేపు ఎవరి కిటికీ వాళ్లు చూసుకున్నారు. ఊరు దాటాక వెనక సీట్లోంచి రెన్, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అడిగింది.

“బామ్మా, పదిహేడులో అయిదెలా కొట్టావే? ఆ గాలిలో?”

మారిట్ ఎగతాళేమో అనుకుంది. కాదు, ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది.

“నాకు ఏడు” అంది జోసీ.

ముందు సీట్లో లారెల్ తల తిప్పకుండా చెప్పింది. “నాకు ఆరు. జట్టులో ఎవరికీ అయిదు రాలేదు.” గొంతులో కోపం ఇంకా అలాగే ఉండగా అడిగింది. “మొదటి దెబ్బ దేనితో కొట్టావు?”

మారిట్ చెప్పడం మొదలుపెట్టింది. మొదటిది ఎడమగా, తక్కువ ఎత్తులో. రెండోది చెరువు దాటించే ప్రయత్నం చేయకుండా, ముందే ఆపేసింది. అక్కడిదాకా చెప్పి ఆగితే, తర్వాత అన్నారు. మూడోది దాటించింది గానీ గ్రీన్ అంచున, వాలు మీద పడింది. నాలుగోదానికి వంగుతుంటే నడుం కలుక్కుమందని చెప్పింది, జోసీ నవ్వింది. బంతి గుంటకు మోచేతి పొడవు దూరంలో ఆగిందట. అయిదోది లోపల పడిన చప్పుడు గాలిలో వినపడనే లేదట. కోచ్ రేడియో కట్టేసి, వ్యాను నెమ్మదిగా నడుపుతూ వింది. నాలుగేళ్లలో మారిట్ ఆట వాళ్లంతా కూర్చుని వినడం అదే మొదలు. రేపు ఆడటానికి ఇక ఆట లేదు.