కాళ్లు కడిగిన నీళ్లు

గాలయ్య సారు కాళ్లు కడగడానికి నీళ్లు కాచింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నా గుండె కొంచెం తేలికవుతుంది.

నా పేరు నగేష్. మెదక్ బస్టాండు ఎదురుగా నాది ఫ్లెక్సీల దుకాణం. నాకు కోపం ఎక్కువ, నమ్మకం అంతకంటే ఎక్కువ. సారు దగ్గర ఆరేళ్లుగా వేదం నేర్చుకుంటున్నాను. ఆయనది మగ్గం నేసిన కుటుంబం. వయసులో ఉండగా కౌడిపల్లిలో ఒక పెద్దాయన కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. బడిపంతులుగా రిటైరయ్యాక తన ఇంటి మేడమీద సాయంత్రాలు పాఠం మొదలుపెట్టారు. ఆటోలు నడిపేవాళ్లు, టైలర్లు, ఆడవాళ్లు, ఎవరొచ్చినా కాదనరు.

పాఠం నడిచేటప్పుడు మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఆయన ఒకసారి అంటే మేం రెండుసార్లు అనాలి. శాంతి మంత్రం అయ్యాక మాత్రం ప్రశ్నలు అడిగి తీరాలి. ఎవరూ అడగకపోతే ఆయనకు చిరాకు. "కాళ్లు మొక్కితె మొక్కుండ్రి గని, నోరు మూసుకోకుండ్రి" అనేవారు. ఎంత గొప్పగా చెప్పారని మేమంతా తలలూపి, నోరు మూసుకుని ఇళ్లకు పోయేవాళ్లం. అరుణ ఒక్కతే అడిగేది. ఆమె దవాఖాన ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఈ మంత్రానికి పోయిన నెల ఒక అర్థం చెప్పి ఇప్పుడు ఇంకొకటి చెబుతున్నారేమిటని ఆమె అడిగితే సారు ముఖం వెలిగిపోయేది, నా ముఖం మాడిపోయేది.

గురుపౌర్ణమి పొద్దున పాదపూజ పెట్టుకున్నాం. నీళ్లు నా పని. పొయ్యి మీద సలసల కాగిన నీళ్లలో చన్నీళ్లు కలపాలి. ఫొటోలు తీసే హడావుడిలో కలపడం మరిచిపోయి, అలాగే మగ్గులో పోసి అరుణ చేతికిచ్చాను. ఆమె కుడిచేత్తో పోస్తూ ఎడమచేత్తో సారు పాదం రుద్దబోయి, చటుక్కున చేయి వెనక్కు తీసుకుంది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. అప్పటికే సగం మగ్గు నీళ్లు ఆయన కాళ్ల మీద పడిపోయాయి.

సారు కళ్లు మూసుకుని ఉన్నారు. పెదవి కూడా కదల్లేదు.

అరుణ పరుగెత్తి బకెట్టుతో చన్నీళ్లు తెచ్చి కాళ్ల మీద గుమ్మరించింది. పూజ పాడు చేస్తావా అని నేను ఆమెను కసిరాను. వెనక నుంచి ఎవరో, సారుకు ఒంటి మీద ధ్యాసే లేదు చూడండి, అంత వేడినీళ్లు పడినా చలించలేదు అన్నారు. ఆ మాట చాలు మాకు. జనం పూలు, పసుపు తీసుకుని ఆ పాదాల మీద పడ్డారు. పాదాలు చూడనివ్వండని అరుణ అడుగుతూనే ఉంది, చోటెవరిచ్చారు? డ్యూటీకి వేళయి ఆమె వెళ్లిపోయింది. నేను దుకాణానికి పోయి ఆరడుగుల ఫ్లెక్సీ కొట్టించాను. దేహాన్ని జయించిన గురువు అని అక్షరాలు, కింద సారు ఫొటో. ఆ సాయంత్రమే వీధి మొదట్లో కట్టాను.

మర్నాటికి మేడ నిండిపోయింది. తూప్రాన్ నుంచి కూడా ఎవరో కారులో వచ్చారు. సారు పంచె అంచు పాదాల మీదికి లాక్కుని కూర్చున్నారు. ఇవాళ కాళ్లు మొక్కొద్దని, నేలకు మొక్కితే చాలని చెప్పారు. అది కూడా వైరాగ్యమే అనుకున్నాను నేను.

శాంతి మంత్రం అయింది. అరుణ లేచి వచ్చి, నేలకు నుదురు ఆనించి మొక్కింది. వేళ్లకు కట్టు ఉంది.

"సారు, నిన్న నీళ్లు కాలినయని మీకు తెలిసిందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది ముందు గురువును పరీక్షిస్తావా, కూర్చో అని అరిచాను. నాతోపాటు ఇంకో పదిమంది అరిచారు. ఆమె కదల్లేదు. సారు నా వైపు చూసి చేత్తోనే కూర్చోమన్నారు. ఆ ముఖంలో ఏదో పెనుగులాట కనిపించింది. ఆరేళ్లలో ఆయన్ను అలా ఎన్నడూ చూడలేదు, నాకు భయం వేసింది.

మెల్లగా పంచె అంచు తీశారు. రెండు పాదాల మీదా బొబ్బలు. కుడికాలివి చితికి, పసుపూ చీమూ కలిసిపోయి ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"తెల్వలేదు బిడ్డా" అన్నారు. "యాడాది సంది కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలుస్తలేదు. గది రోగమని నాకెరుకే. గని నిన్న గంతమంది మొక్కుతుంటె, నలభై ఏండ్ల సంది చదువుతున్న వైరాగ్యం నాకు వచ్చిందేమో అనిపించింది. వచ్చిందనుకోవాల్నని ఉండె."

అరుణ ఏడుస్తూనే, ఇది తపస్సు కాదు షుగరు అని, డాక్టరును ఉండమని చెప్పి వచ్చానని, ఇప్పుడే పోదామని అంది. ఆయన చిన్నపిల్లాడిలా సరేనన్నారు.

నా బండి మీదే తీసుకుపోయాం. డాక్టరు పుండు కడిగి, కాలు దక్కుతుందన్నాడు. ఇంకో వారం ఇలాగే గుడ్డ కప్పుకుని కూర్చుంటే పాదం తీసేయాల్సి వచ్చేదన్నాడు. అరుణ మందులకు వెళ్లింది. బెంచీ మీద సారూ నేనూ మిగిలాం.

"నీళ్లు పెట్టింది నువ్వే గద నగేష్. గంత వేడున్నయని నీకు తెల్వదా?"

"తెలుసు సారు. అరుణ చెయ్యి చూసిన."

"మరి నన్నెందుకు అడగకపోతివి?"

"అడిగితె మర్యాద గాదనుకున్న."

ఆయన కట్టు కట్టిన కాలి వైపు చూసుకున్నారు. నా భుజం మీద చేయి వేశారు. ఆ చేతిలో కోపం లేదు, ఉంటే బాగుండేదనిపించింది.

"మర్యాదతోనే నా కాలు తీసేయిస్తుంటివి గదరా" అన్నారు.