పరీక్షకు నేను, ప్రయాణానికి అది

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి నన్ను మెట్ల కింద నుంచి బయటికి తీశారు. నేను ఒక కారు సైలెన్సర్‌ని. పుట్టింది జపాన్‌లో, కారుతో పాటే. ఇంజను అరుపును అణచడం నా పని.

విశాఖపట్నంలో మా మొదటి యజమాని ఒక డాక్టరు. గంటకు రెండొందల కిలోమీటర్లు దాటగల కారును ఆయన ఆసుపత్రికీ కూరగాయల బజారుకూ నడిపాడు. నా గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అది మెప్పే అనుకున్నాను.

ఆయన దగ్గర ఈ కారును కిరీటి అనే అతను కొన్నాడు. కారు ఇంటికొచ్చిన వారానికే నన్ను విప్పించి, నా చోట ఒక స్టీలు సైలెన్సర్ పెట్టించాడు. దాని మూతిలో కొబ్బరికాయ పడుతుంది. అరుపును ఆపకపోవడమే అది చేసే పని. అయినా ఆదివారాలు కిరీటి నేల మీద పడుకొని దాన్ని గుడ్డతో తుడిచేవాడు. నన్ను ఎవరూ తుడవలేదు. కారు వీధి మలుపు తిరిగేదాకా దాని గొంతు మెట్ల కిందకు వినబడేది. రోజూ విన్నాను.

ఈ ఏడాది కారుకు పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే రవాణా శాఖ తనిఖీలో నెగ్గాలి. లేకపోతే కారు రోడ్డెక్కకూడదు.

"పాతది పారీసినారేటి సార్?" అని అడిగాడు మెకానిక్ జిలానీ.

"మెట్ల కింద ఉంది."

"బతికిపోనారు. దీంతో ఎల్తే గేటు కాడే ఆపీస్తారు."

నన్ను బిగించారు. పని కాగానే జిలానీ షెడ్డులో మార్చుకోవచ్చని దాన్ని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టారు. నా పరీక్షకు కూడా అది వచ్చింది. నేను కారు కింద, అది సీట్లో.

రవాణా శాఖ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ ఇంజను రేజ్ చేయించి విన్నాడు. వంగి నన్ను చూశాడు. తర్వాత వెనక తలుపు తీశాడు.

"దుప్పట్లో ఏటిది?"

"మా పాప వీణ సార్," అన్నాడు కిరీటి.

ఇన్‌స్పెక్టర్ దుప్పటి అంచు ఎత్తి చూశాడు. "పాప గట్టిగానే వాయిస్తాదయితే." మళ్లీ కప్పేశాడు. "బండికి ఇప్పుడున్నదే ఉండాలి. ఈ వీణ రోడ్డు మీద వినబడిందంటే రిజిస్ట్రేషన్ రద్దు చేసెస్తాను."

"మార్చను సార్," అన్నాడు కిరీటి. రెండుసార్లు అన్నాడు.

కారు నెగ్గింది. తిరుగు దారిలో కిరీటి అద్దం దించి కాసేపు విన్నాడు.

"బండి మూగదైపోయింది," అన్నాడు.

"ఆయనకి మాటిచ్చినారు కద సార్," అన్నాడు పక్క సీట్లోని జిలానీ.

కిరీటి షెడ్డు మలుపు రాగానే ఇండికేటర్ వేశాడు.

జిలానీ నన్ను విప్పి దాన్ని బిగించాడు. దుప్పటి వెనక సీట్లో ఖాళీగా ఉంది. నన్ను గోనెసంచిలో వేశారు.