ఎవరి ఖాతాలో డిపాజిట్?

టైలరమ్మ పరాయి దేశంలో ఫ్లాటు కొనేసిందనీ, ఇక గుండీలు కుట్టమంటే చిన్నతనం అనుకుంటుందనీ ఎదురింటావిడ పాలవాడితో అన్నదట. పాలవాడు ఆ ఫ్లాటుకి ఇంకో రెండు గదులు కలిపి వీధంతా పంచాడు. నిజానికి టైలరమ్మ ఇంకా ఏమీ కొనలేదు. మొగుడు వెల్డరుగా పనిచేస్తున్న దేశంలో, పునాది దాటని మేడలో ఒక ఫ్లాటుకి డిపాజిట్ కట్టాలి. అదీ ఆ సాయంత్రంలోగా. పన్నెండేళ్ళు మిషను తొక్కి కూడబెట్టినదంతా అదే.

బేరం తెచ్చింది స్వయానా అక్క మొగుడు. "డిపాజిట్ అంటే బ్యాంకులో వేసుకున్నట్టే మరదలా, ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆమె నమ్మింది. అద్దె గదికి కట్టిన డిపాజిట్ తిరిగొచ్చింది, గ్యాసు బండకి కట్టిందీ తిరిగొస్తుంది. డిపాజిట్ అంటే తిరిగొచ్చేదేనని ఆమె ధీమా.

ఆ ధీమా కాస్తా పొద్దున్నే చెదిరింది. కట్టేముందు ఒక మాట అడుగుదామని ఫోను చేస్తే, ఆ దేశంలోని తెలుగు లాయరమ్మ ముందుగా ఒకటే అడిగింది.

"ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందండీ?"

"బిల్డరు ఖాతాలోకి."

"ఇల్లు కట్టకపోతే వెనక్కిస్తామని బ్యాంకు రాసిచ్చిన హామీ కాగితం ఉందా? పోనీ, తాళాలిచ్చేదాకా మధ్యవర్తి ఖాతాలో ఉంచుతామన్నారా?"

రెండూ లేవు.

టైలరమ్మ ఫోను పెట్టేసి బల్ల మీది సగం కత్తిరించిన గౌను వంక చూసింది. గౌనుకి అడ్వాన్సు అందగానే తనేం చేస్తుంది? లైనింగు కొంటుంది, కరెంటు బిల్లు కడుతుంది. మధ్యలో ఎవరైనా వచ్చి డబ్బు తిరిగిమ్మంటే చేతిలో మిగిలేది దారపుండ. ఆ బిల్డరు మాత్రం పైనుంచి ఊడిపడ్డాడా?

మధ్యాహ్నం అక్కా బావా వచ్చారు. బావ కాగితాలు పరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. ఆమె పెన్ను ముట్టలేదు.

"హామీ కాగితం తెప్పించండి బావా. అప్పుడే పంపుతాను."

"అంటే, నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఎందుకుండదు? డబ్బు మీ జేబులోకి పోవడం లేదుగా."

"ఎవరో బాగా నూరిపోశారు నీకు. అక్కడ అందరూ ఇలాగే కడుతున్నారు. మీ ఆయన కూడా సరేనన్నాడు."

"సరేనన్న ఆయన్నే కట్టమనండి. ఇది నా కాళ్ళు అరగదీసుకుని దాచింది."

"రేపటికి ఆ ఫ్లాటు ఇంకొకరి పాలవుతుంది, చూసుకో!"

"అవనివ్వండి. కాగితం ఇచ్చేవాడి దగ్గరే కొంటాను."

అక్క ఇక ఆగలేకపోయింది. "ఏమిటే నీ మొండితనం! ఆయన పరువు తీస్తావా? రేపు ఏదైనా అటూ ఇటూ అయితే మేం లేమూ?"

"ఉన్నారులే అక్కా. అయితే ఇప్పుడే చెప్పండి, నాకూ మా ఆయనకీ మీ పైగది ఎన్నేళ్ళు ఇస్తారు, అద్దె లేకుండా?"