పది నానోసెకన్ల కాపలా

పంజాగుట్టలో ఒక భవనం అయిదో అంతస్తులో పనిచేసే షెర్లిన్ నాలుగు నెలలుగా ఒకే ఒక్క తాళం మీద కూర్చుంది. ఇనప తాళం కాదు. ఆసుపత్రుల్లో మంచం పక్కన నిలబెట్టి, రోగి నరంలోకి మందును బొట్టుబొట్టుగా ఎక్కించే పంపు ఉంటుంది కదా, దాని చిప్పుకు వేసే తాళం. గంటకు ఎంత మందు దాటకూడదో ఆ అంకె చిప్పు మెమరీలో ఉంటుంది. సరైన సంకేతం ఇచ్చినవాళ్లకు తప్ప ఆ మెమరీ తెరుచుకోకూడదు.

దాన్ని తెరవాలనుకునే దొంగ సంకేతం కనిపెట్టనక్కర్లేదు. ఇచ్చిన సంకేతం సరైనదా కాదా అని చిప్పు చూసుకునే క్షణంలో కరెంటును ఒక్క కుదుపు కుదిపితే చాలు. ఆ తడబాటులో చిప్పు చూసుకోవడమే మరిచిపోయి మెమరీ తెరిచేస్తుంది. దీన్నే గ్లిచ్ అంటారు. అందుకే షెర్లిన్ కరెంటు వచ్చే దారిలో ఒక కాపలా పెట్టింది. వోల్టేజి రవ్వంత అటూ ఇటూ అయినా మెమరీ మూసుకుపోతుంది. ల్యాబులో నలభై వేల కుదుపులకూ ఆ కాపలా చెక్కు చెదరలేదు. శుక్రవారం డిజైను చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్లాలి.

మంగళవారం పొద్దున, డిజైనును ఎన్నిసార్లయినా మార్చి ఎక్కించుకోగల చిప్పున్న నమూనా బోర్డు ఆమె చేతిలోంచి జారి పడింది. కరెంటు వైరు గుచ్చే కనెక్టరు ఊడిపోయింది. షెర్లిన్ బోర్డును సంచిలో పెట్టుకుని నేరుగా అమీర్‌పేటలోని హనుమాండ్లు దగ్గరికి పోయింది. కోచింగ్ సెంటర్ల సందులో, మెట్ల కింద ఇరుకు దుకాణంలో ఆయన పాతికేళ్లుగా ఫోన్లు, ల్యాప్‌టాపులు బాగుచేస్తున్నాడు. ఆమె కాలేజీ రోజుల ల్యాప్‌టాపును మూడుసార్లు బతికించింది ఆయనే.

"ఏం బిడ్డా, మస్తు దినాలకు!" అన్నాడు కళ్లద్దాలు సర్దుకుంటూ.

"జర ఇది చూడు కాకా. శుక్రవారం దాకా నడవాలె."

ఇరవై నిమిషాల్లో కనెక్టరు అతికింది. షెర్లిన్ తన ల్యాప్‌టాపుకు బోర్డు తగిలించింది. ఎర్ర లైటు వెలిగింది.

"గదేంది?"

"తాళం పడి ఉన్నదని గుర్తు. నా ప్రోగ్రాము సెకనుకు కొన్ని వేలసార్లు తప్పుడు సంకేతం ఇస్తనే ఉంటది. తెరుచుకుంటే పచ్చ లైటొస్తది. ఇప్పటిదాకా ఒక్కసారి సుత రాలే." ఆమె గర్వంగా కరెంటు కాపలా సంగతంతా చెప్పింది.

హనుమాండ్లు శ్రద్ధగా విని తల ఊపాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"దొంగ వైరుకెళ్లే వస్తడా బిడ్డా? గాలికెళ్లి సుత రావచ్చు గద."

"గాలికెళ్లెట్లొస్తడు?"

"నేను టంకం కరిగించే గ్యాస్ టార్చి ముట్టియ్యనీకి గీ లైటరు కొడితే, మూత తీసిన ఫోన్లు ఒక్కోసారి వాటంతటవే బందైతయి. అందుకే దూరం పోయి ముట్టిస్త." బల్ల మీది గ్యాస్ లైటరు తీశాడు. వంటింట్లో పొయ్యి వెలిగించే, నొక్కితే కరెంటు రవ్వ ఎగిరే మామూలు లైటరే అది. సన్నని రాగి తీగను స్క్రూడ్రైవరుకు ఆరు చుట్లు చుట్టి, ఊడదీసి, లైటరు మూతికి బిగించాడు. ఆ చుట్టను చిప్పుకు వెంట్రుకవాసి పైన పట్టుకుని నొక్కాడు. టక్.

ఎర్ర లైటు అలాగే ఉంది. షెర్లిన్ నవ్వింది. ఆయన చుట్టను రవ్వంత పక్కకు జరిపాడు. టక్. మళ్లీ జరిపాడు. రేడియోలో స్టేషను వెతుక్కుంటున్నవాడిలా తల ఒక పక్కకు వంచి, కొడుతూ పోయాడు.

పచ్చ లైటు వెలిగింది.

ల్యాప్‌టాపు తెర మీద మెమరీలో ఉన్నదంతా వరసలు వరసలుగా దిగిపోతోంది. షెర్లిన్ నవ్వు ఆగిపోయింది. కాపలా రాసుకున్న చిట్టా తెరిచి చూసింది. కరెంటు కుదుపులు సున్నా. కాపలా మేలుకునే ఉంది, కానీ దాని కళ్లకు ఏమీ కనిపించలేదు. ఎవరూ ముట్టుకోలేదు, ఏ తీగా తగల్లేదు. ఆమె చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. భయం ఉంది గానీ అది భయం ఒక్కటే కాదు. నాలుగు నెలలు తాను చదువుకున్న లోకం పక్కనే ఇంకో లోకం ఉందని, ఈ పెద్దమనిషి దాన్ని చేతివేళ్లతో ఎరుగునని అప్పుడే తెలిసింది.

"ఇంకోపారి కొట్టు కాకా."

తొమ్మిదో దెబ్బకు మళ్లీ పచ్చ లైటు.

హనుమాండ్లు లైటరు కింద పెట్టాడు. "తప్పు చేసిన్నా బిడ్డా? ఆఫీసుల చెప్తవా?"

షెర్లిన్ లైటరు వైపు చూసింది. ఇది చూసింది వాళ్లిద్దరే. చెప్పకపోతే శుక్రవారం శుక్రవారంలాగే గడిచిపోతుంది. కానీ నిరుడు అమ్మ జీవమణికి ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు అలాంటి పంపు పక్కనే కూర్చుంది తను. దాని మీది అంకెను చూస్తూ, ఆ అంకెను నమ్ముతూ ప్రార్థన చేసుకుంది.

"చెప్తా. గా లైటరు నాకియ్యి."

ల్యాబు పెద్ద ఫణీంద్ర కాకినాడ మనిషి. "ఏంటమ్మా, గ్యాస్ లైటరా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. తనే తీసుకుని కొట్టాడు. పదహారో దెబ్బకు పచ్చ లైటు చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఫ్యాక్టరీ వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. మీరు మొదలుపెట్టండి," అన్నాడు.

మూడు వారాలు పట్టింది. తాళం పడిందా లేదా అన్నది ఇదివరకు ఒక్క బిట్టులో ఉండేది, ఒక్క నిప్పురవ్వకు తిరగబడేది. ఇప్పుడు దాన్ని ముప్పై రెండు బిట్లుగా చేసి, సున్నాలకు ఒకట్లు, ఒకట్లకు సున్నాలు పెట్టిన దాని తలకిందుల నకలును చిప్పు రెండో చివర దాచింది. రెండూ సరిపోలితేనే తెరుచుకోవాలి, అదీ రెండుసార్లు చూసుకున్నాకే. మెమరీ చుట్టూ బుల్లి బుల్లి వలయాలు పరిచింది. వాటిలో ఒక్కో కరెంటు అల ఆగకుండా తిరుగుతుంటుంది. గాలిలోంచి వచ్చిన దెబ్బకు ఏ ఒక్కటి తడబడినా చిప్పు మూసుకుపోతుంది.

యంత్రంతో రెండు లక్షల దెబ్బలు కొట్టించారు. తెరుచుకోలేదు. అయినా షెర్లిన్‌కు మనసు కుదుటపడలేదు. హనుమాండ్లును పిలిపించింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఫణీంద్ర లేచి, "రండి హనుమాండ్లు గారూ," అంటూ తన కుర్చీ ఇచ్చాడు. ఆయన మొహమాటపడుతూనే కూర్చుని, పొద్దున పదింటి నుంచి భోజనాల వేళ దాకా చిప్పులో మూల మూలా వెతికి వెతికి కొట్టాడు. దెబ్బ దెబ్బకూ ఎర్ర లైటే.

"నా తోని కాదు," అన్నాడు చివరికి. ఓడిపోయినవాడి మొహంలా లేదది, వెలిగిపోతోంది. "ఎంతసేపట్ల మూసుకుంటున్నదది?"

షెర్లిన్ తెర మీది గీత చూపించింది. "పది నానోసెకన్లు కాకా."

"గట్లంటే?"

ఎలా చెప్పాలా అని ఆలోచించి, చేయి చాచింది. "ఈ బల్ల కాడ లైటేస్తే, ఆ వెలుతురు గా కిటికీ దాకా పోయేంతసేపు."

హనుమాండ్లు బల్లను చూశాడు. మూడు మీటర్ల అవతల ఉన్న కిటికీని చూశాడు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గింత సేపట్ల దెబ్బ తగిలిందని తెలుసుకున్నదా? తెలుసుకుని మూసుకున్నదా?"

"అవును కాకా."

ఆ సంగతి మూడు వారాలుగా రోజూ లెక్కల్లో చూస్తున్నదే. అయినా ఆయన నోట విన్నాక షెర్లిన్‌కూ అది కొత్తగా తోచింది. ఫణీంద్ర కూడా వచ్చి తెర ముందు వంగాడు. సోమవారం డిజైను ఫ్యాక్టరీకి వెళ్లాలి గానీ, ఆ పూట ఆ గదిలో ఎవరికీ ఫ్యాక్టరీ గుర్తులేదు.

"ఇంకోపారి చూపియ్యి బిడ్డా," అన్నాడు హనుమాండ్లు, కుర్చీ తెర దగ్గరకు లాక్కుంటూ. "జర నిమ్మలంగ."