రెండో కాగితం

కాలేజీ నుంచి వచ్చిన సవితకు మొదట కనబడింది గడప పక్కన మూతి బిగించి పెట్టిన తన బట్టల సంచి. దాని పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు తండ్రి కనకప్ప. కూతుర్నీ, చెవులు వినబడని రెండేళ్ల మనవరాలినీ తీసుకుపొమ్మని అత్త సుంకలమ్మ ఆయన్ని సంగనకల్లు నుంచి పిలిపించింది.

బిడ్డకు చెవుడు ఎందుకొచ్చిందో తేల్చడానికి ముగ్గురి రక్తమూ పరీక్షకు పంపారు. ఫలితం తెచ్చిన భర్త కొట్రేశ్, బిడ్డ తల్లి జన్యువులో ఏదో మార్పు ఉందట అన్నాడు. అంతే, తమ వంశంలో లేని చెవుడు కోడలి రక్తంతో ఇంట్లోకి దిగిందని సుంకలమ్మ వీధంతా దండోరా వేసింది. మహా వంశం మరి! కొడుకు నుదుటి మీద పుట్టుకతోనే ఉన్న తెల్ల వెంట్రుకల కుచ్చును దేవుడిచ్చిన గుర్తని వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసే తల్లి ఆమె.

పదేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న సవితకు ఒళ్లు మండిపోయింది. అత్త చేతిలోని కాగితం లాక్కుని చదివింది. తన జన్యువులో మారింది ఒక్క అక్షరం. జన్యువంటే ఒంటిలోని రాత, ఆ రాతలో మూడేసి అక్షరాలు ఒక మాట. ఒంట్లో తయారయ్యే ప్రోటీన్‌లో ఏ ముక్క తర్వాత ఏ ముక్క అతకాలో ఆ మాటలే చెబుతాయి. ఒకే ముక్కకు నాలుగు మాటలు కూడా ఉండవచ్చు. ఇక్కడ మాట మారింది గానీ ముక్క మారలేదు. హాని లేదని కిందనే రాసి ఉంది, చదివే ఓపిక ఎవరికుంది?

"అత్తా, నువ్వు ఎర్రగడ్డ అంటావు. పక్కింటి మారెక్క ఉళ్ళాగడ్డి అంటాది. అంగడి సాయిబు ప్యాజ్ అంటాడు. సంచిలో పడేది ఒకటే ఉల్లిపాయ గదా? నాలో మారింది అంతే" అంది.

అప్పుడు చూసింది, కాగితం అడుగున రెండింటిలో ఇది ఒకటో పుట అని ఉంది. రెండోది యాడ అని అడిగితే కొట్రేశ్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. సవిత చెయ్యి చాచింది. ఇచ్చాడు.

అది అతనిదీ, బిడ్డదీ ఫలితం. ఇద్దరిలోనూ మారింది ఒకే ఒక్క అక్షరం. కానీ ముక్క పేరు చెప్పాల్సిన మాట ఆ మార్పుతో 'ఇక ఆపు' అనే మాటైంది. ప్రోటీన్ సగంలోనే ఆగిపోయింది. తండ్రి కుచ్చు తెల్లబడడానికీ, బిడ్డ చెవులు మూసుకుపోవడానికీ అదే మూలమని డాక్టరు రాశాడు.

"దేవుడిచ్చిన గుర్తంటివే, ఇదే అత్తా. అది నీ కొడుకు తప్పు గాదు. ఎవురి తప్పూ గాదు."

ఏమీ వినబడని బిడ్డ తండ్రి ఒళ్లోకెక్కి, ఆ తెల్ల కుచ్చు పట్టి లాగి కిలకిలా నవ్వింది. కొట్రేశ్ ఏడ్చేశాడు. అది చూసినా సవిత కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు.

"ఏడ్చేది మళ్ల ఏడుద్దువులే. ముందు మా నాయనకు చెప్పు, ఆ కాగితం ఎన్ని దినాల నుంచి జేబులో పెట్టుకోని తిరుగుతాండావో."