వర్ధంతి గోధుమలు

"గోధుమలు చెమ్మ లేకుండా ఆరాలమ్మాయ్. లేకపోతే పైన పోసిన పంచదార ఏడుస్తుంది" అంది అత్తగారు ఎవాంథియా, వంటింటి గుమ్మంలో నిలబడి. ఏటా ఇదే మాట. ఆసిమినా కూడా ఏటా లాగే "సరే అత్తయ్యా" అంది. రేపు వర్ధంతిలో అందరికీ పంచడానికి ఉడికించి వార్చిన గోధుమలు భోజనాల బల్ల మీద తువ్వాళ్ళ నిండా పరిచి ఉన్నాయి. వాటిని అరచేత్తో నెరపాలి, తడిసిన తువ్వాలు తీసి పొడిది వెయ్యాలి, మళ్ళీ నెరపాలి. కూతురు మిర్తో చనిపోయిన ఏడాది నుంచీ ఈ పని ఆమెదే. మిర్తో ఒక్కదానికే కాదు, ఆ రోజు పోయిన వాళ్ళందరికీ కలిపి పెద్ద పళ్ళెం. పంచదార ఏడిస్తే ఊరంతటికీ కనబడుతుంది, చేసే మనిషి ఏడిస్తే గుమ్మంలో ఉన్నవాళ్ళకైనా కనబడదు కాబోలు అనుకుంది.

పొద్దుటి నుంచీ ఆమె కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. దానిమ్మ గింజలు ఒలుస్తూ మధ్యలో లేచి కిటికీలోంచి రేవును చూసింది. బాదం పప్పు వేయించడం సగంలో ఆపి ఇస్త్రీపెట్టె అందుకుంది. భర్త స్టమాటిస్ నల్లకోటు రేపటికి సిద్ధం కావాలి. బాధిత కుటుంబాల సంఘానికి అతనే అధ్యక్షుడు. రేవులో ప్రయాణికుల హాల్లో బాంబు పేలినప్పటి నుంచీ టీవీల ముందూ, మంత్రుల ముందూ మాట్లాడేది అతనే. బాగా మాట్లాడతాడు. "మా మిర్తో" అన్నాక గొంతు ఎంతసేపు ఆపాలో అతనికి తెలుసు. అందుకు ఆమె అతన్ని తప్పు పట్టదు. మొదటిసారి ఆ గొంతు నిజంగానే ఆగిపోయింది, ఆమె పక్కనే ఉంది.

బాంబు పెట్టినవాళ్ళు దొరికారు, జైల్లో ఉన్నారు. ఆసిమినాను తొలిచేది వాళ్ళు కాదు. పేలడానికి ముప్పావుగంట ముందు ఎవరో ఫోన్ చేసి హాలు ఖాళీ చేయించమన్నారు. ఆ ఫోను భద్రతాశాఖ కార్యాలయంలో ఒక మనిషి ఎత్తాడు, విన్నాడు, ఆకతాయి పని అని పెట్టేశాడు. ఆ ముప్పావుగంటా మిర్తో ఓడ కోసం బెంచీ మీద కూర్చుని, అమ్మ కట్టిచ్చిన జున్ను రొట్టె తింటూ ఉంది. ఎత్తింది ఎవరు? ఆమెకున్నది ఆ ఒక్క ప్రశ్నే. దాని కోసం మూడు విచారణలు జరిగాయి. మూడింటికీ ఆమె భర్తతో రాజధానికి వెళ్ళింది, ఒక్కదాంట్లోనూ గది లోపల ఎలా ఉంటుందో చూడలేదు. కుటుంబానికి ఒకరికే ప్రవేశం అన్నారు. ఆ ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు, స్టమాటిస్ అడగలేదు, సిగ్గు విడిచి చెప్పాలంటే మొదటిరోజు ఆమె కూడా అడగలేదు. భార్యలంతా నడవాలో బల్ల మీద, మొగుళ్ళ కోట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. అతను బయటికి రాగానే "ఎవరట ఫోను ఎత్తింది?" అని అడిగేది. "అదంత తేలిక కాదు ఆసిమినా. అన్నీ సాంకేతిక విషయాలు, చెప్పినా నీకు అర్థం కావు" అనేవాడు. ఆపైన ఆమె కట్టి తెచ్చిన రొట్టెల పొట్లం విప్పి, ఇందులో ఆలివ్‌లు వెయ్యలేదేం అని అడిగేవాడు.

పోయిన నెల పార్లమెంటు సంఘం ఆఖరి నివేదిక వచ్చింది. శాఖల మధ్య సమన్వయ లోపం జరిగిందట, వ్యక్తిగతంగా ఎవరూ బాధ్యులు కారట. అందరూ శాకాహారులే, మరి రొయ్యలబుట్ట ఏమైనట్టు? ఈ ముక్క ఆమె అన్నం దగ్గర అంటే స్టమాటిస్ నవ్వలేదు. వర్ధంతికి మంత్రి వస్తున్నాడని, కుటుంబాలన్నీ నివేదికను అంగీకరిస్తున్నాయని తాను అందరి తరఫునా ప్రకటిస్తానని చెప్పాడు. అంతటితో తలుపు మూసేద్దాం అన్నాడు.

"నన్నడిగావా?" అంది.

"మనదంతా ఒకే కుటుంబం కదా, నిన్ను విడిగా అడగడమేమిటి?"

వచ్చే ఎన్నికల్లో ఉపమేయరు పదవికి అతని పేరు అనుకుంటున్నారని అత్తగారు మర్నాడు మురిసిపోతూ చెప్పింది. "ఎన్నాళ్ళని తవ్వుతావే, పిల్లని పడుకోనివ్వు" అని కూడా అంది. ఆసిమినాకు ఆ క్షణాన వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఇన్నేళ్ళూ దాన్నే దుఃఖమనుకుని అందరూ వీపు నిమిరారు.

వర్ధంతి రోజు పొద్దున రేవులో గాలి నెమ్మదించింది. ఫాదర్ ప్రార్థనలు ముగించాడు. ముందువరసలో కుటుంబానికి ఒక కుర్చీ చొప్పున వేసి పేర్లు అంటించారు. మొదట ఆసిమినా మంత్రికి గోధుమలు పెట్టాలి, తర్వాత స్టమాటిస్ మాట్లాడాలి. తెల్లటి పంచదార మీద వెండి పూసలతో పోయినవాళ్ళ పేర్ల తొలి అక్షరాలు మెరుస్తున్నాయి. ఒక్క చోట కూడా చెమ్మ ఊరలేదు. ఈ గోధుమలు అందుకునేవాళ్ళు పోయినవాళ్ళ కోసం ఒక మాట అనాలని ఆచారం. తాగి ఇంటిల్లిపాదినీ బాదిన ఆమె తాత వర్ధంతికి ఆ మాట ఎంతో పొందిగ్గా కుదిరింది. మంత్రి గిన్నె చాచి, తలవంచి, ఆ మాటే అన్నాడు.

"దేవుడు వాళ్ళను క్షమించుగాక."

ఆసిమినా చేతిలో గరిట ఆగింది. గోధుమలు గిన్నెలో పడలేదు.

"వాళ్ళేం తప్పు చేశారు మంత్రిగారూ?" అంది. గొంతు పెంచలేదు. "మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని రొట్టె తింటోంది."

"ఆసిమినా, ఇప్పుడు కాదు" అన్నాడు స్టమాటిస్ మైకు పక్కనుంచి.

ఆమె అటు చూడలేదు. "ఆ రోజు ఫోను ఎత్తినవాళ్ళ పేరు చెప్పండి. వాళ్ళను క్షమించమని దేవుణ్ణి నేనే అడుగుతాను. అందాకా ఈ గోధుమలు ఎవరికీ పెట్టను. ఆ నివేదికకి నేను ఒప్పుకోను."

మంత్రి గిన్నె అలాగే చాచి ఉంచాడు, దాన్నేం చెయ్యాలో తోచలేదు. ఆసిమినా పళ్ళెం ఎత్తుకుని ముందువరసకు నడిచింది. భర్త పేరు అంటించిన కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళూ కోట్లు మోసిన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంది. ఏర్పాట్లు చూసే అధికారి పరుగున వచ్చి వంగి, కుర్చీ కుటుంబానికి ఒక్కరికేనమ్మా అని గుసగుసగా చెప్పాడు.

"తెలుసు" అంది ఆమె. "ఆ ఒక్కరూ నేనే."