సెలా నెలలో రండి

సమింతెన్ అవ్వ అల్లిన వెదురుబుట్ట లేకుండా ఆ ఊళ్ళో విందు జరిగిన గుర్తు ఎవరికీ లేదు. మొగుడు కర్సో వెదురు చీల్చి సన్నగా బద్దలు తీస్తే, ఆమె గుమ్మంలో కూచుని మూతతో సహా అల్లేసేది. ప్రార్థనలయ్యాక ఇంటింటికీ అన్నం, కోడికూర పెట్టి పంపేది ఆ బుట్టల్లోనే. ఉపవాసాలకు ముందొచ్చే రువా నెలయితే మరీను, పోయిన పెద్దల పేరు చెప్పి ఏ ఇంట చూసినా విందే.

సర్కారు తరఫున ఇళ్ళు తిరిగి స్థితిగతులు రాసుకునే లారస్ అనే పిల్ల, వచ్చి వచ్చి ఆ నెలలోనే వచ్చింది.

"పోయిన వారం మాంసం ఎన్నిసార్లు తిన్నారవ్వా?"

సమింతెన్ ఉన్నదున్నట్టు వేళ్ళు మడిచింది. "పక్కింటి తుమీరా బుట్ట ఒకటి, మసీదు వెనకాలోళ్ళది ఒకటి, మేస్త్రీ వాళ్ళది... ఐదుసార్లు తల్లీ."

"ఈ నెల బుట్టలెన్ని అమ్మారు?"

"నాలుగొందలు. వేళ్ళు చూడు, ఎట్లా చీరుకుపోయాయో!"

"ఇంట్లో తిండికి సరిపోతుందా?"

గడప తొక్కిన మనిషి ముందు చాలదని చెప్పుకునే నోరు ఆ ఊళ్ళో ఏ ఆడదానికీ లేదు. "సరిపోక ఏమమ్మా! ముందు నువ్వు తిను" అంటూ, తుమీరా దగ్గర అడిగి తెచ్చిన గుడ్డును వేయించి పళ్ళెంలో వేసింది.

ఉపవాసాలు ముగిసి పండగ వెళ్ళింది. కర్సో కళ్ళలో పొర ముదిరి, వెదురు చీలుస్తూ బొటనవేలే చీల్చుకున్నాడు. ఆపరేషన్‌కని పట్నం ఆసుపత్రికి పోతే, అక్కడి గుమాస్తా ఉచిత వైద్యం కార్డు తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

"ఇది చెల్లదవ్వా. సర్కారు కొలతలో పది మెట్లుంటాయి. మీరు రెండో మెట్టు నుంచి ఆరో మెట్టుకెక్కారు. ఉచితం నాలుగో మెట్టు దాకానే."

"మనం కలిగినోళ్ళమయ్యామా?" అన్నాడు కర్సో. "ఒక్క మాటైనా చెప్పలేదేమే? కళ్ళు కనబడక నేను చూసుకోలేదు."

సమింతెన్ నవ్వలేదు. ఇంకో ఏడాది ఆగితే చూపు మిగలదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు.

ఊరి సభలో చాపల మీద మగవాళ్ళంతా కూచునుండగా ఆమె నిలబడింది.

"సరిపోతుందని నీ నోటితోనే చెప్పావంటగా అవ్వా?" అన్నాడు ఊరిపెద్ద.

"చెప్పాను. నేనూ అబద్ధమాడలేదు, ఆ పిల్లా తప్పు రాయలేదు. రువాలో మన ఊళ్ళో బీదవాడెవడు నాయనా? పిల్లులు కూడా కోడే తింటాయి. ఆ ఒక్క నెల చూసి ఏడాదంతా అంతే అనుకుంటే ఎట్లా? సెలా నెలలో రమ్మనండి."

"సెలాలోనా!" వెనకనుంచి మేస్త్రీ నవ్వాడు. "పెళ్ళి ఉండదు, విందు ఉండదు. ఏం తిందామని వస్తుందవ్వా?"

"అదే చూట్టానికి రమ్మంటున్నా."

మళ్ళీ కొలవమని కాగితం పెట్టాలన్నారు. పెట్టింది. తాలూకా కచేరీకి మూడుసార్లు నడిచింది. మూడోసారి వెదురు బద్దలు కూడా మోసుకుపోయి, అధికారి గది ముందు నేల మీద కూచుని అల్లడం మొదలుపెట్టింది. ఆరో బుట్టకు మూత పడే వేళకి ఆయన బయటికొచ్చి సంతకం పెట్టాడు.

సెలా నెల మధ్యలో, మిట్టమధ్యాహ్నం లారస్ వచ్చింది. సమింతెన్ ఉడికిన కర్రపెండలం, ఉప్పు, ఆకుకూర పళ్ళెంలో పెట్టింది. అంతలో పెరటి గుమ్మంలో తుమీరా, కొంగు కింద ఏదో దాచుకుని.

"వదినా, వేయించిన గుడ్డు. నువ్వు అడగలేదని నేనే తెచ్చాను."

"తీసుకుపో."

"ఇంటికొచ్చిన పిల్లకి ఉత్త దుంపలు పెడతావా? సిగ్గు లేదూ?"

"ఉంది, బోలెడుంది. కానీ ఈ గుడ్డు గడప దాటితే మీ అన్న కళ్ళు పోతాయే. తీసుకుపో!"

తుమీరా మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. లారస్ కాగితం తీసింది. మాంసం, ఒక్కసారీ లేదు. బుట్టలు, తొమ్మిది.

"తిండికి సరిపోతుందా అవ్వా?"

సమింతెన్ గుంజ పట్టుకుంది. అరవయ్యేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరికొచ్చి కూచుంది. దాన్ని మింగేసింది.

"సరిపోదమ్మా. రాత్రి ఆయనకి పెట్టి నేను నీళ్ళు తాగి పడుకుంటాను."

ఆ సంగతి కర్సోకీ తెలియదు. తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు. లారస్ తలెత్తకుండా రాసుకుంది. పళ్ళెంలో దుంప ముక్క ఒక్కటి కూడా మిగల్చకుండా తిని మరీ లేచింది.

కొత్త జాబితాలో వాళ్ళు మూడో మెట్టుకు దిగారు. కార్డు చెల్లింది. ఆపరేషనై కళ్ళ కట్టు విప్పిన మర్నాడు కర్సో గుమ్మంలో కూచుని, కచేరీలో అల్లిన బుట్టనొకదాన్ని ఎండకెత్తి చూశాడు.

"ఛీ, బద్దలింత మందంగా ఎవడు చీల్చాడే?"

"నువ్వే" అంది సమింతెన్, కత్తి అతని ముందుకు జరుపుతూ. "పెళ్ళిళ్ళ నెల దగ్గర పడింది. ఈసారి సన్నగా తియ్యి. రాత్రికి ఇద్దరం తినాలి."